తెల్లవారుజామున లేపు నడుము నొప్పి – ఎమ్.ఆర్.ఐ. పరీక్ష
(మన సంఘ మాసిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



వైద్యమును గూర్చి ప్రసంగించుటకు నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఇరువది యేండ్లకు పైగా ఈ కోయంబత్తూరులో నూలు వర్తకము చేసికొనుచున్నవాడను. అయినను కార్యవర్గము వారు ఈ విషయమును నాకే యప్పగించుటకు కారణము కలదు. ఈ వ్యాధి మా కుటుంబమున నున్నది. అందువలన నాలుగు ఆసుపత్రులు తిరుగవలసి వచ్చినది. కీళ్లవాతపు నిపుణులను ఓపికతో ప్రశ్నించుటకు అవకాశము కలిగినది. నేడు నేను మనవి చేయు శాస్త్రవిషయములు వారివద్ద గ్రహించినవే. మన కుటుంబములలో ఇరువది, ముప్పది యేండ్ల పిల్లలు నడుము పట్టుకొని నడచుట నేను చూచుచున్నాను గనుక, తెలిసిన మాట దాచుకొనుట న్యాయము కాదని తలంచితిని.

నడుము నొప్పి యెవరికి లేదు? మూటలెత్తినవానికి వచ్చును, గల్లాపెట్టె ముందు పది గంటలు కూర్చున్నవానికి వచ్చును, బిడ్డనెత్తుకొని వంట చేయు తల్లికి వచ్చును. ఈ నొప్పులలో నూటికి తొంబది కండరములకును, వెన్నుపూసల మధ్య బిళ్లలకును సంబంధించినవే యనుకొనవచ్చును. వాని స్వభావ మొక్కటే: పని చేసిన కొలది పెరుగును, పండుకొన్నచో తగ్గును. నేడు నేను చెప్పబోవునది దీనికి విరుద్ధమైన నొప్పి. అది పండుకొన్నచో పెరుగును; లేచి తిరిగినచో తగ్గును. రాత్రి రెండవ భాగమున, మూడు నాలుగు గంటలవేళ, మనిషిని నిద్ర లేపును. ఉదయము లేచినపుడు నడుము కొయ్యవలె బిగుసుకొని యుండి, అరగంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు గడచినగాని సడలదు. ఎపుడు మొదలైనదో రోగి చెప్పలేడు. మెల్లమెల్లగా వచ్చి మూడు మాసములు దాటినను పోదు. సాధారణముగా ఇరువది మొదలు ముప్పది యేండ్ల లోపల ఆరంభమగును. నలుబదియైదు దాటిన పిమ్మట కొత్తగా మొదలగుట అరుదు. కొందరికి ఒకనాడు కుడి పిరుదులోను, మరియొకనాడు ఎడమ పిరుదులోను పోటు వచ్చుచుండును. ఈ చివరి లక్షణమును మాత్రము మీరు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

ఇచట మన బోంట్లకు ఒక చిక్కు కలదు. ఇంట తెలుగున "నడుము నొప్పి" యందుము. డాక్టరు గదిలోనికి పోయి "ఇడుప్పు వలి" యందుము. బళ్లారి, బెంగుళూరులలోని మన వారు "సొంట నోవు" అందురు. ఈ మూడు మాటలును వీపు దిగువ మొదలు తుంటి వరకు అంతటికిని చెల్లును. పిరుదులోపల లోతుగా నొచ్చుచున్నదని సిగ్గువలన చెప్పము. ముఖ్యముగా ఆడపిల్లలు చెప్పరు. ఉదయము బిగుసుకొనుటను గూర్చి అడిగినవాడు లేడు గనుక దానిని చెప్పము. డాక్టరుగారు మూడు నిమిషములలో నూనెయో మాత్రయో వ్రాసి పంపుదురు. మాట సరిగా చేరనిచోట పరీక్షయు సరియైనది జరుగదు.

ఈ నొప్పి పుట్టుచోటు ఏది? వెన్నెముక దిగువ కొసన త్రికోణాకారముగా నుండు త్రికాస్థి కలదు. దానికి ఇరుప్రక్కల తుంటి యొక్క పెద్ద రెక్క యెముకలు చేరుచోట చెరియొక కీలు కలదు. డాక్టర్లు వీనిని శాక్రోఇలియాక్ కీళ్లందురు. మోకాలు, మోచేయి వలె ఇవి విశేషముగా కదలవు. పైన నుండు శరీరభారమునంతయు కాళ్లకు అందించుట వీని పని. అందుకు తగినట్లు బలమైన నరపు కట్లతో బిగింపబడి యున్నవి. లోతున నుండుటచేత చేతితో తడిమి తెలిసికొనుట కష్టము. కొందరి శరీరములో రోగనిరోధక శక్తియే పొరపాటున తన యింటిపై తాను తిరుగబడి ఈ కీళ్లయందు శోథము, అనగా లోపలి వాపును మంటను, పుట్టించును. ఏండ్లు గడచిన కొలది ఎముక అంచులు కొరికినట్లయి, పిదప కీలు పూడుకొనిపోయి రెండెముకలు నొక్కటిగా అతుకుకొనును. కొందరిలో వెన్నుపూసలు గూడ అట్లే అతుకుకొని, వెన్ను వెదురుకఱ్ఱవలె నగును. దీనినే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అందురు. వంగిపోయిన వీపుతో నేలను చూచుచు నడచు ముసలివారిని మన వీధులలో మీరందరును చూచియే యుందురు. వారిలో కొందరి కథ ఇరువదవ యేటనే మొదలైనది.

పూర్వము ఈ వ్యాధిని నిర్ణయించుటకు ఎక్స్‌రేయే ఆధారము. 1984వ సంవత్సరమున సవరింపబడిన న్యూయార్కు నిబంధనల ప్రకారము, ఎక్స్‌రేలో కీలు చెడిన తీరును 0 నుండి 4 వరకు అంతస్తులుగా లెక్కించి, రెండు కీళ్లయందును 2వ అంతస్తు గాని, ఒక కీలునందైనను 3వ దానికి తక్కువ కాకుండ గాని యున్నపుడే, తగిన లక్షణములతో కలిపి, వ్యాధి యున్నదని నిశ్చయించెడివారు. ఇందులోని లోపము మనబోటి వర్తకులకు సులభముగా బోధపడును. పత్తి బేలు లోపల తడిసియున్నను పైన గోనెగుడ్డ పొడిగానే కనిపించును. రంగు మారి, వాసన వచ్చి, పైకి మచ్చ పడునప్పటికి లోపలి సరకు చెడియే యుండును. ఎక్స్‌రే చూపునది ఆ మచ్చను. ఎముక చెడిన పిమ్మట ఆ గుర్తును పట్టగలదు గాని, చెడుచున్న కాలమందలి తడిని పట్టలేదు. శోథము మొదలైన తరువాత ఎక్స్‌రేలో స్పష్టమైన మార్పు కనిపించుటకు పలువురిలో ఏండ్లు పట్టును. కొందరిలో ఎన్నటికిని కనిపించదు. అనేక దేశముల పరిశోధనలను కలిపి చూచినచో, మొదటి నొప్పికిని వ్యాధి పేరు తెలియుటకును నడుమ సగటున ఆరేడు సంవత్సరములు గడచుచున్నవని తేలినది. ఆ ఆరేడు సంవత్సరములును చదువు ముగించి ఉద్యోగమో వ్యాపారమో కుదురుకొను వయస్సులోనివి!

ఆ తడిని చూపగలిగినది ఎమ్.ఆర్.ఐ. యంత్రము. దీనియందు ఎక్స్‌రే కిరణములు లేవు. మన శరీరమున నీటియందును క్రొవ్వునందును హైడ్రోజను పరమాణువులు లెక్కకు మించి యున్నవి. బలమైన అయస్కాంతము నడుమ మనిషిని పండుకొనబెట్టి, రేడియో తరంగములను పంపినపుడు ఆ పరమాణు కేంద్రములు చలించి, మరల స్వస్థితికి వచ్చుచు సన్నని సంకేతముల నిచ్చును. వానిని గణితముచే చిత్రముగా మార్తురు. సాధారణముగా మన ఊళ్ల ఆసుపత్రులలో నుండు 1.5 టెస్లా యంత్రపు అయస్కాంతము భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. ఈ విధమున చిత్రమును గీయవచ్చునని పాల్ లాటర్బర్ 1973లో ప్రకటించెను. ఆయనకును పీటర్ మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెలు బహుమానము లభించినది.

శాక్రోఇలియాక్ కీళ్లను చూచునపుడు ముఖ్యముగా రెండు రకముల చిత్రములు తీయుదురు. మొదటిది టి-1. ఇందు క్రొవ్వు తెల్లగా మెరయును. కీలు అంచులు కొరికినట్లున్నవా, పాత గాయము మానినచోట క్రొవ్వు చేరినదా, ఎముకలు అతుకుకొన్నవా యన్నది తెలియును. రెండవది స్టిర్ అనబడునది. ఇందు క్రొవ్వు వెలుగును అణచివేయుదురు. అపుడు నీరు మాత్రమే తెల్లగా మెరయును. ఆరోగ్యమైన ఎముక మూలుగ నల్లగా కనిపించును; శోథమున్నచోట మూలుగలో నీరు చేరి తెల్లని మచ్చవలె తోచును. దీనిని మూలుగ వాపు అందురు. మొదటి చిత్రము గడచినదానిని, రెండవది జరుగుచున్నదానిని చెప్పునని మా డాక్టరుగారు చెప్పిరి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనే గాని ఒక్కదానితో తీర్పు చెప్పరాదట. సిరలోనికి మందు ఎక్కించి తీయుట ఈ వ్యాధి విషయమున సాధారణముగా అవసరము లేదు. అంతమేరకు ఖర్చును తగ్గును.

2009లో ఆసాస్ అను అంతర్జాతీయ నిపుణుల సంఘము తన కొత్త నిబంధనలలో ఎక్స్‌రేతో సమానముగా ఎమ్.ఆర్.ఐ.కిని స్థానమిచ్చినది. మూలుగ వాపు కీలును అంటియున్న ఎముకలో నుండవలెను. ఒకే చిత్రములో రెండు చోట్లనైనను, లేక ఒకే చోట వరుసగా రెండు చిత్రములలోనైనను కనిపించవలెను. 2015లో ఐరోపా కీళ్లవాత నిపుణుల సమాఖ్య చేసిన సూచనలలో సామాన్యముగా ముందు ఎక్స్‌రే తీయవలెననియు, రోగి పిన్నవయస్కుడై నొప్పి వచ్చి కొద్దికాలమే అయినపుడు మొదటనే ఎమ్.ఆర్.ఐ. తీయవచ్చుననియు చెప్పబడినది.

ఇక మీలో పలువురకు ఉపయోగపడు సంగతి చెప్పెదను. "మా వానికి ఎమ్.ఆర్.ఐ. తీయించితిమి, ఏమియు లేదన్నారు" అని నాతో చెప్పినవారు ముగ్గురున్నారు. ఆ కాగితములను తెప్పించి చూచితిని. మూడును నడుము వెన్నుపూసలకు తీసినవి! వెన్నుపూసల ఎమ్.ఆర్.ఐ. వేరు, శాక్రోఇలియాక్ కీళ్ల ఎమ్.ఆర్.ఐ. వేరు. మొదటి దానిలో వెన్నును నిలువుగా ప్రక్కనుండి కోసినట్లు చిత్రములు తీయుదురు. ఆ చిత్రములలో ఈ కీళ్లు పూర్తిగా పడవు. ఈ కీళ్లకొరకైతే త్రికాస్థి వాలును అనుసరించి వాలుగా చిత్రములు తీయవలెను. రెండును వేల రూపాయల పనియే. ఒకదాని ఫలితమును రెండవదానికి అన్వయించుకొనుట మన చేతి సొమ్మును మనము పారవేసికొనుట వంటిది. చీటీలో ఏమి వ్రాసియున్నదో స్కానుకు పోకముందే చదివించుకొనుడు.

వెన్నుపూసల చిత్రముతో మరియొక ప్రమాదము కలదు. అందు ఏదో యొక బిళ్ల ఉబ్బినట్లు తరచుగా కనిపించును. ఏ నొప్పియు లేనివారికి తీసిన చిత్రములను 2015లో క్రోడీకరింపగా, ఇరువది యేండ్లవారిలోనే నూటికి 30 మందికి బిళ్ల ఉబ్బు కనిపించినది. ఎనుబది యేండ్లవారిలో 84 మందికి. కావున ఉబ్బు కనిపించినంత మాత్రమున నొప్పికి అదియే కారణమనుట కుదరదు.

మా మేనల్లుని విషయము ఇట్లే జరిగినది. ఇరువదిరెండవ యేట మొదలైనది. మా గోదాములో లెక్కలు చూచెడివాడు, మూటలెత్తినవాడు కాడు. ఒక డాక్టరుగారు, వారి పేరు అనవసరము, వెన్నుపూసల స్కాను తీయించి, బిళ్ల కొంచెము ఉబ్బినదని, నడుముకు పట్టీ కట్టుకొని ఆరు వారములు మంచము దిగవద్దని ఆజ్ఞాపించిరి. పండుకొన్న కొలది వానికి బాధ హెచ్చెను. రాత్రి మూడు గంటలకు లేచి వరండాలో పచార్లు చేయుచుండుట చూచి మా అక్కగారు పిల్లవానికి మనోవ్యాధి యేమోయని మ్రొక్కుబడులు మొక్కినది. మూడేండ్లు గడచిన పిమ్మట ఒకనాడు కన్ను ఎఱ్ఱబారి, వెలుతురు చూడలేక నేత్రవైద్యురాలి కడకు పోయెను. ఆమె కంటికి మందు వేసి, "నాయనా, నీకు తెల్లవారుజామున నడుము నొప్పి వచ్చునా?" అని యడిగినది! కంటిలోపలి శోథమునకును ఈ కీళ్లకును సంబంధము కలదని మా కప్పుడు తెలిసినది. ఆమె పంపగా కీళ్లవాతపు నిపుణుని చూచితిమి. ఎక్స్‌రేలో సందేహాస్పదము, స్టిర్ చిత్రములో మాత్రము ఇరుప్రక్కల తెల్లని మచ్చలు స్పష్టముగా నుండెను. ఆ చిత్రమును గోడమీది దీపపు పెట్టెపై పెట్టి చూపినపుడు మా అక్కగారు కన్నీరు పెట్టుకొనుటను ఎట్లు వర్ణింపగలను? బిడ్డకు రోగమున్నదని తెలిసియు తల్లి యూరట చెందుట నేనదే చూచుట.

అయితే, తెల్లని మచ్చ కనిపించినచోటనెల్ల ఈ వ్యాధియే యని భ్రమపడరాదు. ఇది నేను గట్టిగా చెప్పవలసియున్నది, ఏలయనగా యంత్రమున్నచోట భయమును అమ్ముకొనువారును ఉందురు. 2018లో ప్రకటితమైన ఒక ఐరోపా పరిశోధనలో ఏ బాధయు లేని 47 మంది ఆరోగ్యవంతులకు ఈ కీళ్ల చిత్రములు తీయగా, 11 మందికి నిబంధనల ప్రకారము శోథమున్నట్లే తోచినది. ప్రసవానంతరము నడుము నొప్పి పడుచున్న ఏడుగురు స్త్రీలలో నలుగురికి అట్లే తోచినది. గర్భకాలమందు ఈ కీళ్లపై పడు ఒత్తిడియే అందుకు కారణము. పరుగుపందెముల వారికిని, బరువులెత్తువారికిని మచ్చలు రావచ్చును. కావున బాలింతరాలికి స్కాను తీసి కాగితములో శోథమని వ్రాసినంతనే కంగారుపడి, జీవితాంతపు వ్యాధి యని ముద్ర వేయించుకొనకుడు. లక్షణములు, రక్తపరీక్ష, చిత్రము – మూడును కలిపి తీర్పు చెప్పవలసినవాడు కీళ్లవాతపు నిపుణుడే; యంత్రశాలలో వ్రాసియిచ్చు కాగితము కాదు.

మన దేశమున ఇంకొక జాగ్రత్త యవసరము. క్షయ ఈ కీలుకును పట్టును. పచ్చిపాల వలనను పశువుల వలనను వచ్చు బ్రూసెల్లా జ్వరమును పట్టును. ఇట్టి సందర్భములలో సాధారణముగా ఒక్క ప్రక్కనే నొప్పియుండును, జ్వరము, బరువు తగ్గుట తోడగును, ఎమ్.ఆర్.ఐ.లో వాపు ఎముకను దాటి చుట్టునున్న కండరములలోనికి వ్యాపించును, ఒక్కొక్కప్పుడు చీము తిత్తి కనిపించును. దీనికి మందు వేరు, దానికి మందు వేరు. ఒకదానికి బదులు మరియొకటి వాడినచో ప్రాణాపాయము. చిత్రము వలని గొప్ప ప్రయోజనములలో ఈ తారతమ్యము నెరుగుట యొకటి.

చిత్రములో ఏమియు కనిపించకపోయినను వ్యాధి లేదని పూర్తిగా త్రోసివేయరాదు. హెచ్.ఎల్.ఏ. బి-27 అను రక్తపరీక్ష కలదు. ఈ వ్యాధికిని ఆ గుర్తుకును గల సంబంధము 1973లో బయటపడినది. ఇచట మన కుటుంబములలో వినబడు గుసగుసలకు సమాధానము చెప్పవలెను. బి-27 వంశపారంపర్యముగా వచ్చును, నిజమే. కాని ఆ గుర్తున్నవారిలో అత్యధికులకు జీవితమున ఎన్నడును ఈ వ్యాధి రాదు. కావున అన్నకు వ్యాధి యున్నదని చెల్లెలి సంబంధమును తప్పించుట అజ్ఞానము. అంతకంటె ఘోరము, సంబంధములు చెడునని పిల్లకు వైద్యమే చేయింపకుండుట. పూర్వము ఇది మగవారి వ్యాధి యని గ్రంథములలో వ్రాసెడివారు. ఎమ్.ఆర్.ఐ. వచ్చిన పిదప, ఎక్స్‌రేలో మార్పు రాని తొలిదశలో స్త్రీలును దాదాపు సమానముగా నున్నారని తెలిసినది. ఆడపిల్ల నొప్పియని చెప్పినపుడు "సుకుమారము" అని నవ్వువారు ఈ సంగతి గమనింతురు గాక.

చికిత్స గూర్చి క్లుప్తముగా చెప్పెదను. అది డాక్టర్ల పని. ప్రతిదినము వ్యాయామము, వీపు నిటారుగా నిలుపు కసరత్తులు, ఈత – ఇవి మందుతో సమానము. నాప్రాక్సెను, ఇండోమెథాసిను వంటి శోథహర మాత్రలు మొదటి మెట్టు. వీనిని కడుపు, మూత్రపిండముల సంగతి చూచుకొనుచు డాక్టరు పర్యవేక్షణలోనే వాడవలెను. ఇవి చాలనిచో టి.ఎన్.ఎఫ్. నిరోధకములను సూదిమందులు, ఆ తరువాత వచ్చిన మరికొన్ని మందులు కలవు. మన దేశములోనే తయారగుచుండుటచే కొన్నింటి వెల పూర్వముకంటె తగ్గినది. వాడుటకు ముందు లోపల దాగిన క్షయ యున్నదేమో తప్పక పరీక్షింపవలెను. పొగత్రాగుట ఈ వ్యాధిలో వెన్నెముక అతుకుకొనుటను త్వరపెట్టును. దుకాణము వెనుకకు పోయి సిగరెట్టు ముట్టించు మన యువకులకు ఈ యొక్క వాక్యము చాలును. మా మేనల్లుడు నేడు ఉదయము గంటసేపు కసరత్తు చేసి ఎనిమిదింటికి గోదాము తలుపు తెరచుచున్నాడు. రాత్రి నిద్రించుచున్నాడు.

ఎచటికి పోవలెనని అడుగుదురు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, పుదుచ్చేరి జిప్‌మర్, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రులలో ఈ శాఖలు కలవు. పెద్ద నగరములలోని ప్రభుత్వ వైద్యకళాశాలలలో కొన్నింటను కలవు. పోవునప్పుడు, నొప్పి యెపుడు మొదలైనది, రాత్రి యే వేళ లేపుచున్నది, ఉదయము ఎంతసేపు బిగుసుకొనియుండును, ఏ ప్రక్క పిరుదులో వచ్చును, కన్ను ఎఱ్ఱబారినదా, మడమ నొచ్చినదా, చర్మముపై సోరియాసిస్ పొలుసులున్నవా, ఇంట నెవరికైన నున్నదా – ఈ సంగతులను కాగితముపై వ్రాసికొని పొండు. ఇట్టి ప్రశ్నల పట్టికను తెలుగు, తమిళ భాషలలో ప్రక్కప్రక్కన అచ్చొత్తించి మన సంఘ కార్యాలయములో నుంచితిమి, ఉచితముగా తీసికొనవచ్చును.

ప్రసంగమునకు ముందుగా ఇద్దరు సోదరీమణులు చీటీలు పంపిరి. వానికి సమాధానము చెప్పి విరమించెదను. గర్భిణికి ఈ పరీక్ష చేయవచ్చునా యని మొదటి ప్రశ్న. ఎక్స్‌రే కిరణములు లేవు గనుక అవసరమైనచో డాక్టరు నిర్ణయముపై చేయుదురు. సిరలోని మందు మాత్రము ఎక్కింపరు. చాలమట్టుకు ప్రసవము వరకు ఆగుదురు. రెండవ ప్రశ్న, విరిగిన కాలిలో లోహపు పట్టీ వేసియున్న తమ భర్తగారు ఆ యంత్రములోనికి పోవచ్చునా యని. ఎముకలకు బిగించు నేటి పట్టీలు చాలవరకు అయస్కాంతమునకు లాగబడనివే. అయినను శస్త్రచికిత్స కాగితమును తీసికొనిపోయి ముందే చూపవలెను. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారును, కంటిలో ఇనుపరజను పడినవారును లోనికి పోకముందు తప్పక చెప్పవలెను. మంగళసూత్రము, మెట్టెలు, తాళముల గుత్తి, చేతి గడియారము బయటనే ఉంచవలెను. లోపల ఇరువది నిమిషములు మొదలు అరగంట కదలక పండుకొనవలసి యుండును. సమ్మెటతో కొట్టినట్లు పెద్ద చప్పుడు వచ్చును గాని నొప్పి యుండదు. చెవులకు దూది యిత్తురు, చేతికి గంట మీట యిత్తురు. భయము వేసినచో నొక్కవచ్చును.